ఆఫీసు ఫోన్ కాల్స్ రికార్డింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసులకు ఫోన్ సిస్టమ్‌లు పెట్టడం, అవి మొండికేస్తే బాగు చేయడం నా పని. రికార్డింగ్ గురించి నన్ను అడిగేవాళ్లలో సగం మంది ఇంకా మొదలుపెట్టనివాళ్లు. మిగతా సగం మంది, అవసరం పడ్డ రోజున ఫైలు తెరిచి అందులో ఏమీ లేదని చూసినవాళ్లు. ఆ రెండో బాధ ఎవరికీ రాకూడదని ఇదంతా కాస్త వివరంగా రాస్తున్నాను.

కాల్‌ను అసలు ఎక్కడ రికార్డు చేస్తారు?

మాట వెళ్లే దారిలో ఎక్కడో ఒకచోట చెవి పెట్టాలి. పద్ధతులన్నీ ఆ చెవి ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టే మారతాయి. బయటి లైను మీద పెట్టవచ్చు. ఆఫీసు కాల్స్‌ను కలిపే యంత్రం, అంటే పీబీఎక్స్, దాని లోపల పెట్టవచ్చు. నెట్‌వర్క్ స్విచ్ దగ్గర, డెస్క్ మీది ఫోన్‌లో, లేదా సర్వీసు ఇచ్చే కంపెనీ సర్వర్‌లోనూ పెట్టవచ్చు. ఎక్కడ పెట్టినా ఒక్కటే సూత్రం: ఆ చోటు మీదుగా వెళ్లిన మాటే దానికి వినిపిస్తుంది.

అందుకని ఏదైనా కొనేముందు ఒక కాగితం తీసుకోండి. కస్టమర్ చేసిన కాల్ ఏజెంట్ దాకా ఎలా వస్తుందో ఒక గీత గీయండి. ఇద్దరు ఉద్యోగులు ఎక్స్‌టెన్షన్ నుంచి ఎక్స్‌టెన్షన్‌కు మాట్లాడుకుంటే ఆ మాట ఎటు పోతుందో రెండో గీత. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కాల్ మూడో గీత. మూడూ ఒకచోట కలిస్తే అదే సరైన చోటు. కలవకపోతే రెండు చోట్ల పెట్టాలి, లేదా ఏ గీతను వదిలేస్తున్నారో తెలిసే వదిలేయాలి.

మాది పాత ఈపీఏబీఎక్స్ (పాత తరం పీబీఎక్స్). కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్లు లేవు. మాకు కుదురుతుందా?

కుదురుతుంది. అనలాగ్ లైన్ల మీద సమాంతరంగా ఒక రికార్డింగ్ కార్డు గానీ చిన్న బాక్స్ గానీ కలుపుతారు. ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు లైను మీద సుమారు 48 వోల్టులు ఉంటుంది. రిసీవర్ ఎత్తగానే అది పదికి అటూ ఇటూగా పడిపోతుంది. ఆ పడటాన్ని చూసే బాక్స్ రికార్డింగ్ మొదలుపెడుతుంది, మళ్లీ పైకి లేవగానే ఆపేస్తుంది. దాని ఇంపీడెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) చాలా ఎక్కువ కాబట్టి లైను మీద భారం పడదు, మాట తగ్గదు. ఈ1 పీఆర్ఐ అనే డిజిటల్ లైను ఉంటే, ఒక్క కేబుల్ మీదే 30 మాటల చానెళ్లు ఉంటాయి గనుక చెవి కూడా ఒక్కటే సరిపోతుంది.

ఇందులో ఉన్న చిక్కు వేరు. లైను మీద పెట్టిన చెవికి ఏ ఎక్స్‌టెన్షన్ మాట్లాడిందో తెలియదు. "మూడో లైను, 11 గంటల 20 నిమిషాలు" అని మాత్రమే ఉంటుంది. ఆ కాల్ ఎవరు తీశారో తెలియాలంటే ఈపీఏబీఎక్స్ ఇచ్చే కాల్ లాగ్‌తో సమయం చూసి జత చేయాలి. రెండింటి గడియారాల్లో నాలుగు నిమిషాల తేడా ఉంటే జత చేయడం నరకం. ముందు గడియారాలు సరిచేయించండి. లోపలి కాల్స్ ఈ పద్ధతిలో ఎలాగూ రావు.

ఐపీ పీబీఎక్స్‌లోనే రికార్డింగ్ ఉంది కదా, అది చాలదా?

చాలా ఆఫీసులకు అదే చాలు, నేను ముందు సిఫారసు చేసేదీ అదే. ఆస్టరిస్క్ అనే పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే సిస్టమ్‌లలో మిక్స్‌మానిటర్ అనే అప్లికేషన్ రెండు వైపుల మాటనూ కలిపి ఒక ఫైలుగా రాస్తుంది. పాత మానిటర్ అప్లికేషన్‌ను ఆస్టరిస్క్ 21 నుంచి తీసేశారు. కాబట్టి ఏళ్ల నాటి డయల్‌ప్లాన్ (కాల్ ఎటు వెళ్లాలో చెప్పే నియమాలు) వాడుతూ అప్‌గ్రేడ్ చేసేవాళ్లు ఇది చూసుకోవాలి. ఫ్రీస్విచ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్‌సెషన్ అదే పని చేస్తుంది.

గమనించాల్సినది ఒకటుంది. ఐపీ టెలిఫోనీలో కాల్ కలిపే సంకేతాలు ఒక దారిన, మాట ఇంకో దారిన పోవచ్చు. సంకేతాలు పీబీఎక్స్‌కు వచ్చి, కాల్ కలిశాక మాట మాత్రం ఫోన్ నుంచి ఫోన్‌కు నేరుగా వెళ్లేలా సెట్ చేసి ఉంటుంది కొన్నిచోట్ల. నెట్‌వర్క్ మీద భారం తగ్గుతుందని అలా చేస్తారు. రికార్డింగ్ కావాలంటే మాట కూడా పీబీఎక్స్ గుండానే వెళ్లాలి. డైరెక్ట్ మీడియా సెట్టింగ్‌ను ఆపేయడం మొదటి పని.

రెండోది, సర్వర్ బలం. పది కాల్స్‌కు ఏమీ తెలియదు. వంద కాల్స్ ఒకేసారి రాస్తుంటే సీపీయూ కంటే ముందు డిస్క్ అలసిపోతుంది, మాటలు తెగిపోతుంటాయి. మామూలు హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ పెట్టడం, లేదా ముందు ర్యామ్‌లో రాసి కాల్ ముగిశాక డిస్క్‌కు తరలించడం మంచి పరిష్కారాలు.

అన్ని కాల్స్ రికార్డు చేయాలా, కావాల్సినప్పుడు బటన్ నొక్కితే చాలా?

బటన్ మీద ఆధారపడితే గొడవ మొదలయ్యాకే వేలు బటన్ మీదికి వెళ్తుంది. అప్పటికి అసలు మాట, అంటే "ఆరు పెట్టెలు పంపండి" అన్నారా "అరవై" అన్నారా అన్నది, అయిపోయి ఉంటుంది. చట్టం, కంపెనీ విధానం ఒప్పుకుంటే కస్టమర్లతో మాట్లాడే ఎక్స్‌టెన్షన్లలో ఎప్పుడూ ఆన్‌లో ఉంచమనే చెబుతాను. మానవ వనరుల విభాగం, డాక్టర్లు, న్యాయ సలహా ఇచ్చేవాళ్ల లైన్లలో మాత్రం అసలు వద్దు.

ఆస్టరిస్క్‌ను వెబ్ పేజీల నుంచి నడిపే ఫ్రీపీబీఎక్స్‌లో ఎక్స్‌టెన్షన్‌కు, క్యూకు (కాల్స్ వరసలో ఆగే చోటు), లోపలికి వచ్చే రూటుకు వేర్వేరుగా ఈ నియమం పెట్టవచ్చు. మూడు చోట్ల మూడు రకాలుగా పెడితే ఏది గెలుస్తుందన్నది మాత్రం డాక్యుమెంటేషన్‌లో చదివి, టెస్ట్ కాల్ చేసి తేల్చుకోండి. "నెవర్" అని పెట్టిన ఒక ఎక్స్‌టెన్షన్ వల్ల క్యూ కాల్స్ సగం రికార్డు కాకపోవడం నేను స్వయంగా చూశాను.

పోర్ట్ మిర్రరింగ్ అంటే ఏమిటి? మా ఐటీ వాళ్లు అదే తేలిక అంటున్నారు.

నెట్‌వర్క్ స్విచ్‌లో ఒక పోర్ట్ మీద వచ్చీపోయే ప్యాకెట్లన్నింటి నకలును ఇంకో పోర్ట్‌కు పంపమని చెప్పడం. అక్కడ రికార్డింగ్ సర్వర్ కూర్చుని, ఆ ప్యాకెట్లలోంచి మాటను ఏరి ఫైలుగా రాస్తుంది. పీబీఎక్స్‌ను ముట్టుకోనక్కర్లేదు, ఫోన్లు మార్చనక్కర్లేదు. రికార్డింగ్ సర్వర్ పడిపోయినా కాల్స్ ఆగవు. ఇన్ని మంచి గుణాలున్నాయి కాబట్టే చాలామంది దీనివైపు మొగ్గుతారు.

బలహీనతలు తర్వాత బయటపడతాయి. ఒకే అంతస్తులో ఒకే చిన్న స్విచ్‌కు తగిలించిన రెండు ఫోన్లు మాట్లాడుకుంటే ఆ ప్యాకెట్లు ప్రధాన స్విచ్ దాకా రానే రావు. మిర్రర్ చేసిన పోర్ట్ రెండు దిశల్లోనూ నిండుగా నడుస్తుంటే నకలు పంపే పోర్ట్‌కు అంత సామర్థ్యం ఉండదు. స్విచ్ చడీచప్పుడు లేకుండా కొన్ని ప్యాకెట్లు పారేస్తుంది, రికార్డింగ్‌లో అక్షరాలు మాయమవుతాయి. అందుకే వాయిస్ వీల్యాన్‌ను, అంటే ఫోన్ల కోసం విడిగా పెట్టిన నెట్‌వర్క్ భాగాన్ని, మాత్రమే మిర్రర్ చేయాలి.

అన్నిటికంటే పెద్దది ఎన్‌క్రిప్షన్. ఈ రోజుల్లో మాటను ఎస్ఆర్‌టీపీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతితో తాళం వేసి పంపడం మంచి అలవాటు. ఆ తాళంచెవి రికార్డర్ దగ్గర లేకపోతే దానికి దొరికేది బుసబుస శబ్దం మాత్రమే. భద్రత పెంచుదామని ఎవరో ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసిన రోజే రికార్డింగ్ పోతుంది. కొత్తగా పెట్టేవాళ్లకు నేను ఈ పద్ధతి చెప్పను.

మరి సిప్‌రెక్?

పెద్ద వ్యవస్థకు నాకు నచ్చేది ఇదే. కాల్ రికార్డింగ్ కోసం 2016లో ఆర్ఎఫ్‌సీ 7866 అనే పత్రంగా వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణం. మీ నెట్‌వర్క్ అంచున ఉండే సెషన్ బోర్డర్ కంట్రోలర్ (లోపలికీ బయటికీ పోయే కాల్స్‌కు కాపలా ఉండే పరికరం), కాల్ నడుస్తుండగానే రికార్డింగ్ సర్వర్‌కు మరో సిప్ కాల్ (ఐపీ ఫోన్ల సంకేత భాషలో కాల్) చేసి, రెండు వైపుల మాటనూ విడివిడి స్ట్రీమ్‌లుగా పంపిస్తుంది. దాంతోపాటు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరు మధ్యలో చేరారు, ఎవరు వెళ్లిపోయారు అన్న వివరాలు కూడా ఎక్స్ఎంఎల్ రూపంలో వెళ్తాయి.

అక్కడ తాళం తీసే హక్కు బోర్డర్ కంట్రోలర్‌కు ఉంటుంది కాబట్టి ఎన్‌క్రిప్షన్ అడ్డురాదు. ఒక కంపెనీ పరికరం, ఇంకో కంపెనీ రికార్డర్ కలిసి పనిచేస్తాయి. దొంగచాటుగా వినడం కాదు, సిస్టమ్‌కు తెలిసే జరిగే పని. లోపలి ఎక్స్‌టెన్షన్ల మధ్య కాల్స్ మాత్రం అంచు దాకా రావు, కాబట్టి అవి దీనికి దొరకవు. రికార్డర్ అందుబాటులో లేకపోతే కాల్‌ను కొనసాగించాలా, ఆపేయాలా అన్నది కూడా ముందే నిర్ణయించి సెట్ చేయాలి. షేర్ల ఆర్డర్లు తీసుకునే డెస్క్‌కు ఆపేయడమే సరి కావచ్చు. ఆస్పత్రి అత్యవసర లైనుకు అలా ఎప్పుడూ చేయకూడదు.

డెస్క్ ఫోనే రికార్డింగ్ పంపుతుందంటారు, నిజమేనా?

కొన్ని మోడళ్లలో నిజమే. సిస్కో ఫోన్లలో దీన్ని బిల్ట్ ఇన్ బ్రిడ్జ్ అంటారు. ఫోన్ తన మాటనూ అవతలి మాటనూ రెండు అదనపు స్ట్రీమ్‌లుగా రికార్డర్‌కు పంపుతుంది. లోపలి కాల్స్ కూడా దొరకడం దీని లాభం. జీ.711 కోడెక్‌లో (కోడెక్ అంటే మాటను అంకెలుగా మార్చే పద్ధతి) ఒక్కో స్ట్రీమ్‌కు ఈథర్‌నెట్ మీద దాదాపు 87 కేబీపీఎస్ పడుతుంది. చిన్న లింకు మీద నడిచే శాఖ ఆఫీసుల్లో ఈ లెక్క ముందే వేసుకోవాలి.

క్లౌడ్ ఫోన్ సర్వీసు వాడుతున్నాం. మాకు పనేమీ లేదు కదా?

పెట్టే పని లేదు, అడిగే పని ఉంది. ఫైళ్లు ఎన్ని రోజులుంచుతారు? గడువు తీరితే చెప్పి తీసేస్తారా, చెప్పకుండానా? వేల ఫైళ్లను ఒకేసారి దించుకునే వీలుందా, లేక ఒక్కొక్కటీ క్లిక్ చేయాలా? రెండు వైపులా విడి చానెళ్లు ఇస్తారా? ఒప్పందం ముగిశాక రికార్డింగ్‌లు ఎన్నాళ్లు అందుతాయి? ఇవన్నీ సంతకానికి ముందు రాతపూర్వకంగా తీసుకోండి. కుదిరితే ప్రతి రాత్రీ ఏపీఐతో (మన ప్రోగ్రామ్ వాళ్ల సర్వర్‌ను నేరుగా అడిగే దారి) మీ సొంత స్టోరేజీకి నకలు దించుకునే ఏర్పాటు చేసుకోండి.

మా సేల్స్ వాళ్లు మొబైల్స్‌లోనే మాట్లాడతారు. యాప్ ఏదైనా ఉందా?

యాప్‌ల మీద ఆశ పెట్టుకోకండి. ఆండ్రాయిడ్ 10 నుంచి బయటి యాప్‌లకు కాల్‌లోని అవతలి గొంతు అందకుండా కట్టడి చేశారు. కొన్ని యాప్‌లు అందుకు యాక్సెసిబిలిటీ సదుపాయాన్ని అడ్డదారిగా వాడుకున్నాయి. 2022 మేలో ప్లే స్టోర్ నియమాలు దాన్నీ మూసేశాయి. ఐఫోన్‌లో ఐఓఎస్ 18.1 నుంచి సొంత రికార్డింగ్ ఉంది కానీ అది ఇద్దరికీ వినపడేలా ప్రకటించి, ఫైలును ఆ ఫోన్‌లోని నోట్స్‌లోనే దాస్తుంది. కంపెనీ సర్వర్‌కు దానంతట అది రాదు.

సరైన దారి ఏమిటంటే, మొబైల్‌లో కంపెనీ సాఫ్ట్‌ఫోన్ (డెస్క్ ఫోన్‌లా పనిచేసే యాప్) వేసి కాల్ పీబీఎక్స్ గుండా వెళ్లేలా చేయడం. డేటా సిగ్నల్ సరిగా లేనిచోట, పీబీఎక్సే ముందు ఉద్యోగికి, తర్వాత కస్టమర్‌కు కాల్ చేసి ఇద్దర్నీ కలిపే పద్ధతి వాడవచ్చు. ఏది చేసినా మాట మళ్లీ మన చెవి దగ్గరికే వస్తుంది.

మోనోనా, స్టీరియోనా?

స్టీరియో. ఇక్కడ స్టీరియో అంటే సంగీతం కోసం కాదు: ఎడమ చానెల్‌లో ఏజెంట్, కుడి చానెల్‌లో కస్టమర్.

ఒక ఉదాహరణ చూడండి. కస్టమర్ "ఆ ప్లాన్ నాకు వద్దు" అంటుండగా, సరిగ్గా "వద్దు" మీద ఏజెంట్ "సరే సార్, యాక్టివేట్ చేస్తున్నా" అంటాడు. మోనోలో రెండు గొంతులూ కలిసిపోయి "వద్దు" వినపడదు. కస్టమర్ ఒప్పుకున్నట్టే ఉంటుంది. అదే ఫైలు స్టీరియోలో ఉంటే ఎడమది మ్యూట్ చేయగానే "వద్దు" స్పష్టంగా వినిపిస్తుంది. ఒకసారి కలిపేసిన మోనో ఫైలును తర్వాత శుభ్రంగా విడదీయడం దాదాపు అసాధ్యం. మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లు కూడా విడి చానెళ్ల మీదే ఎవరి మాట ఎవరిదో సరిగ్గా చెబుతాయి. మిక్స్‌మానిటర్‌లో రెండు దిశలనూ వేర్వేరు ఫైళ్లుగా రాసే ఆప్షన్లున్నాయి, ఫ్రీస్విచ్‌లో స్టీరియోకు ఒక వేరియబుల్ పెడితే చాలు.

డిస్క్ ఎంత కావాలి? వేవ్ ఫైలా, ఎంపీ3నా?

లెక్క సులభం. ఫోన్ మాట సెకనుకు 8000 శాంపిళ్లు. ఒక్కో శాంపిల్‌కు 16 బిట్లు, అంటే 2 బైట్లు. సెకనుకు 16,000 బైట్లు, గంటకు 57.6 ఎంబీ, అదీ మోనోలో. 20 మంది రోజుకు ఐదేసి గంటలు మాట్లాడితే 100 గంటలు, అంటే 5.76 జీబీ. నెలకు 25 పనిదినాలైతే 144 జీబీ, ఏడాదికి 1.7 టీబీ పైచిలుకు. స్టీరియోకు రెట్టింపు.

అదే మాటను ఓపస్ కోడెక్‌లో 16 కేబీపీఎస్‌కు కుదిస్తే గంటకు 7.2 ఎంబీ మాత్రమే, ఏడాదికి మోనోలో 216 జీబీ. వినడానికి తేడా పెద్దగా తెలియదు. కాల్ నడుస్తుండగా వేవ్‌గానే రాసి, రాత్రి సర్వర్ ఖాళీగా ఉన్నప్పుడు కుదించడం మేలు. ఒక్క హెచ్చరిక: కాల్ జీ.729 లాంటి గట్టిగా కుదించే కోడెక్‌లో వచ్చి ఉంటే, దాన్ని మళ్లీ తక్కువ బిట్‌రేటు ఎంపీ3గా మారిస్తే రెండుసార్లు నలిగి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

అవతలివాళ్లకు చెప్పాలా?

చెప్పండి. కొన్ని దేశాల్లో మాట్లాడేవాళ్లలో ఒక్కరికి తెలిస్తే చాలు, కొన్నిచోట్ల అందరూ ఒప్పుకోవాలి. మీకు వర్తించే చట్టం న్యాయవాదిని అడగండి. అవతలివాళ్లు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో మీకు తెలియదు గనుక, కఠినమైన నియమాన్నే పాటించడం క్షేమం. చట్టం పక్కన పెట్టినా, తన గొంతు ఎక్కడో దాచుకుంటున్నారని తెలుసుకునే హక్కు మనిషికి ఉందనే నేను నమ్ముతాను.

ఎక్కువమంది మర్చిపోయేది బయటికి చేసే కాల్స్‌ను. "ఈ కాల్ రికార్డు అవుతోంది" అన్న ప్రకటన ఐవీఆర్‌లో ("ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే యంత్రం గొంతులో) ఉంటుంది, లోపలికి వచ్చేవాళ్లే అది వింటారు. ఏజెంట్ తిరిగి కాల్ చేస్తే ఎవరూ ఏమీ చెప్పరు. అవతలివాళ్లు ఎత్తగానే ప్రకటన వినిపించేలా ట్రంక్ (పీబీఎక్స్ నుంచి బయటికి వెళ్లే లైను) మీదే పెట్టండి, లేదా ఏజెంట్ మాటల్లో మొదటి వాక్యం చేయండి. 15 సెకన్లకోసారి 1400 హెర్ట్జ్ చిన్న బీప్ వినిపించే పాత పద్ధతి కూడా చాలా సిస్టమ్‌లలో ఉంది. ఉద్యోగులకూ రాతపూర్వకంగా తెలియాలి, ఇంటికి మాట్లాడుకోవడానికి రికార్డింగ్ లేని ఒక ఫోన్ ఉండాలి.

కస్టమర్ కార్డు నంబరు చెబితే?

అది ఫైల్లో పడకూడదు. కార్డు వెనక ఉండే సీవీవీని చెల్లింపు పూర్తయ్యాక దాచకూడదని, ఎన్‌క్రిప్ట్ చేసి కూడా దాచకూడదని కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్ నియమం. ఏజెంట్ పాజ్ నొక్కే పద్ధతిలో మళ్లీ రెజ్యూమ్ నొక్కడం మర్చిపోతారు. పేమెంట్ స్క్రీన్ తెరుచుకోగానే దానంతట అదే ఆగి, మూయగానే మొదలయ్యేలా కలపాలి.

కీప్యాడ్‌తో నొక్కించుకుంటే సురక్షితం అనుకోవద్దు. ప్రతి అంకె రెండు స్వరాల జత. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్‌లు మోగుతాయి. ఆ చప్పుడు రికార్డింగ్‌లో పడితే చిన్న ప్రోగ్రామ్‌తో అంకెలన్నీ తిరిగి రాబట్టవచ్చు. ఆ స్వరాలను కాల్‌లోనే మాస్క్ చేసే పరిష్కారం తీసుకోండి.

కాల్ ట్రాన్స్‌ఫర్ అయితే సగమే రికార్డు అవుతోంది. ఎందుకు?

రికార్డింగ్ మొదటి ఏజెంట్ చానెల్‌కు అతుక్కుని ఉంది కాబట్టి. ఆయన పక్కకు తప్పుకోగానే అదీ ముగుస్తుంది. బయటి ట్రంక్ చానెల్‌కు తగిలిస్తే కస్టమర్ పెట్టేసేదాకా సాగుతుంది. ముక్కలుగా వచ్చినా ఫరవాలేదు, అన్నిటికీ ఒకే లింక్డ్ ఐడీ, అంటే అవన్నీ ఒకే కాల్ ముక్కలని చెప్పే గుర్తు, ఉంటే చాలు.

ఫైలు ఉంది, శబ్దం లేదు. ఏం జరిగింది?

ఫైలు సైజు చూడండి. సరిగ్గా 44 బైట్లుంటే, అది వేవ్ ఫైలు హెడర్ ఒక్కటే. సిస్టమ్ కాల్‌ను గుర్తించి ఫైలు తెరిచింది, మాట మాత్రం ఒక్క ప్యాకెట్ కూడా రాలేదు.

నేను ఇది నేర్చుకున్నది ఒక ఆఫీసులో. పోర్ట్ మిర్రరింగ్‌తో రికార్డింగ్ పెట్టాను. తర్వాత అక్కడ కొత్త ఫోన్లు, కొత్త స్విచ్ వచ్చాయి. సంకేతాలు పీబీఎక్స్ పోర్ట్ మీదుగానే వెళ్తున్నాయి కాబట్టి ఫైళ్లు రోజూ పుడుతూనే ఉన్నాయి, పేర్లూ తేదీలూ అన్నీ సరిగా. మాట మాత్రం కొత్త స్విచ్ మీదుగా ఫోన్ నుంచి గేట్‌వేకు (బయటి లైన్లతో కలిపే పెట్టె) నేరుగా పోతోంది. మూడు వారాల తర్వాత ఒక ఆర్డర్ మీద వివాదం వచ్చింది. ఆ ఫైలు నొక్కితే నిశ్శబ్దం. పక్కనున్నదీ అంతే. ఫోల్డర్‌ను సైజుల వారీగా సర్దితే 44, 44, 44 అని పేజీల కొద్దీ. ఆ ఆర్డర్ రాసుకున్న అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. తను చెప్పింది నిజమేనని చూపించే ఆధారం నా దగ్గర లేదు.

అప్పటి నుంచి ఎక్కడ పెట్టినా ఒక చిన్న స్క్రిప్ట్ వదిలి వస్తాను. రాత్రి ఫైళ్లను కుదించకముందే అది ఆ రోజు కాల్ రికార్డులను తీసుకుని, ప్రతి కాల్ సెకన్లను 16,000తో గుణించి, ఫైలు సైజుతో పోలుస్తుంది. 60 సెకన్ల మోనో కాల్‌కు 9,60,044 బైట్లు రావాలి. బాగా తక్కువుంటే మెయిల్ పంపుతుంది. దాంతోపాటు రోజుకు రెండు కాల్స్ మనిషి చెవితో వినాలి, ఎందుకంటే ఒకవైపు గొంతు మాత్రమే పడిన ఫైలుకూ సైజు సరిగ్గానే ఉంటుంది.

ఎంతకాలం దాచాలి? ఎవరు వినవచ్చు?

మీ రంగం నియమం ఏదైనా ఉంటే అంతకాలం. యూరోపియన్ యూనియన్‌లో పెట్టుబడి సంస్థలు 2018 జనవరి 3 నుంచి అమల్లోకి వచ్చిన మిఫిడ్ 2 అనే చట్టం ప్రకారం ఐదేళ్లు, నియంత్రణ సంస్థ అడిగితే ఏడేళ్ల దాకా ఉంచాలి. ఏ నియమమూ లేకపోతే అవసరం తీరేదాకానే. ఎప్పటికైనా పనికొస్తుందని పోగేయడం ఆస్తి కాదు, దొంగలకు ఆహ్వానం. గడువు దాటినవి వాటంతటవే తొలగిపోవాలి, వివాదంలో ఉన్నవి మాత్రం పక్కన పెట్టాలి.

వినే హక్కు తక్కువమందికే ఇవ్వండి. ఎవరు ఏ ఫైలు ఎప్పుడు విన్నారో లాగ్‌లో పడాలి. లింకులో నంబరు ఒకటి మార్చితే పక్క కాల్ వినిపించే వెబ్ పేజీలు ఇంకా కనిపిస్తుంటాయి, వాటిని వెంటనే మూయించండి.

రికార్డింగ్‌ను ఎవరూ మార్చలేదని ఎలా చూపించాలి?

కాల్ ముగియగానే ఫైలుకు ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ (ఫైలు కాస్త మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి వేరే చోట రాసిపెట్టండి. రాత్రి కుదించే పద్ధతి వాడితే కుదించాక వచ్చిన ఫైలుకూ మళ్లీ తీయాలి. సర్వర్లన్నీ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీద గడియారాలు సరిచేసే పద్ధతి) ఒకే సమయం చూపించాలి.

కొత్త పీబీఎక్స్‌కు మారుతున్నాం. పాత రికార్డింగ్‌ల ఫోల్డర్ కాపీ చేసుకుంటే చాలా?

చాలదు. ఫైలు పేరులో తరచుగా తేదీ, ఎక్స్‌టెన్షన్, ఒక యూనిక్ ఐడీ మాత్రమే ఉంటాయి. ఏ కస్టమర్, ఏ క్యూ, ఎవరికి ట్రాన్స్‌ఫర్ అయింది అన్నవన్నీ కాల్ వివరాల డేటాబేస్‌లో ఉంటాయి. ఆ డేటాబేస్‌ను కూడా ఎగుమతి చేసి, అదే డిస్క్‌లో పక్కనే పెట్టండి. తర్వాత పాత సర్వర్‌ను ఆపేసి, రెండేళ్ల కిందటి ఒక కాల్‌ను కస్టమర్ నంబరుతో వెతికి తెరిచి వినండి. అది దొరికాకే పాత సర్వర్‌ను తుడిచేయండి.